రెండు వైపులా సమాన ద్రవ్యరాశి లేకపోయినా స్కేలు ఎలా నిలుస్తుంది? ద్రవ్యరాశి కేంద్రం, టార్క్ గురించి ఒక వివరమైన సమాధానం

మీ ప్రశ్నను ముందు నా మాటల్లో ఒకసారి చెబుతాను. 100 గ్రాముల ద్రవ్యరాశి గల ఏకరీతి మీటరు స్కేలుకు 10 సెంటీమీటర్ల గుర్తు దగ్గర 150 గ్రాముల తూకపురాయిని వేలాడదీశారు. మొత్తం 250 గ్రాములు కాబట్టి, రెండు వైపులా 125 గ్రాముల చొప్పున పడే చోట ఆధారం పెడితే స్కేలు నిలుస్తుందని మీరు అనుకున్నారు. అలాంటి చోటు దొరకలేదు. పుస్తకంలో జవాబు 26 సెంటీమీటర్లు అని ఉంది. ఇలాంటి లెక్కల్లో ద్రవ్యరాశి కేంద్రం సూత్రం వాడాలా, టార్క్ (బలం వస్తువును తిప్పే ప్రభావం) సూత్రం వాడాలా, టార్క్‌ను ఏ బిందువు చుట్టూ తీసుకోవాలి అన్నది మీ రెండో సందేహం. సరిగ్గా 26 దగ్గరే పెట్టినా స్కేలు వేలి మీద నిలిచి, కత్తి అంచు మీద మాత్రం పడిపోతోంది ఎందుకన్నది మూడోది. ఈ మూడింటికీ మూలం ఒక్కటే: ద్రవ్యరాశి కేంద్రం అనేది ద్రవ్యరాశిని సగానికి విడగొట్టే బిందువు కాదు, టార్క్‌లు ఒకదాన్నొకటి రద్దు చేసుకునే బిందువు. ఈ మాట పట్టు దొరికితే మిగిలినదంతా లెక్క చేయడమే.

మీ ఊహ ఎక్కడ దెబ్బతిన్నదో చూద్దాం. ఆధారాన్ని 10 గుర్తుకు కుడివైపు ఎక్కడ పెట్టినా, ఎడమవైపున తూకపురాయి 150 గ్రాములతో పాటు స్కేలులో కనీసం 10 గ్రాముల ముక్క ఉంటుంది, అంటే 160 గ్రాములు దాటుతుంది. 10కి ఎడమవైపు పెడితే ఆ వైపున స్కేలు ముక్క తప్ప ఏమీ మిగలదు, అది 10 గ్రాములకన్నా తక్కువే. కాబట్టి 125, 125గా విడిపోయే అవకాశమే లేదు. అయినా స్కేలు నిలుస్తుంది. ఎందుకంటే స్కేలును ఒక పక్కకు తిప్పే ప్రభావం బరువు ఒక్కదాని మీదే కాక, ఆ బరువు ఆధారానికి ఎంత దూరంలో పనిచేస్తోందన్న దాని మీద కూడా ఆధారపడి ఉంటుంది. బలాన్ని, ఆ బలం పనిచేసే రేఖకు ఆధార బిందువు నుంచి గల లంబదూరంతో గుణిస్తే వచ్చేదే టార్క్.

ఆధారం 26 దగ్గర ఉంటే తూకపురాయి దానికి 16 సెంటీమీటర్ల దూరంలోనూ, స్కేలు మధ్యబిందువు 24 సెంటీమీటర్ల దూరంలోనూ ఉంటాయి. 150 × 16 = 2400; 100 × 24 = 2400. రెండు వైపులా గురుత్వ త్వరణం ఒకటే కనుక దాన్ని కొట్టేసి, గ్రాములనూ సెంటీమీటర్లనూ నేరుగా గుణించాను. ఇక్కడ చాలామంది విద్యార్థులకు ఒక అనుమానం వస్తుంది: స్కేలులో కొంత భాగం ఆధారానికి ఎడమవైపున కూడా ఉంది కదా, మొత్తం 100 గ్రాములనూ కుడివైపునే లెక్కపెట్టడం న్యాయమేనా? న్యాయమే, కావాలంటే విడదీసి చూడండి. ఎడమవైపు ముక్క 26 గ్రాములు, దాని మధ్యబిందువు ఆధారానికి 13 సెంటీమీటర్ల దూరంలో ఉంది. దాని వంతు 338. తూకపురాయి వంతు 2400 కలిపితే 2738. కుడివైపు ముక్క 74 గ్రాములు, దాని మధ్యబిందువు 37 సెంటీమీటర్ల దూరంలో ఉంది; 74 × 37 = 2738. ఎడమవైపు 176 గ్రాములు, కుడివైపు 74 గ్రాములు; అయినా టార్క్‌లు ఒక్క యూనిట్ కూడా తేడా లేకుండా సరిపోయాయి.

సుత్తితో దీన్ని చేతిలోనే చూడవచ్చు. అడ్డంగా వేలి మీద నిలబెడితే, అది ఇనుప తలకు బాగా దగ్గరగా ఒక చోట నిలుస్తుంది. సరిగ్గా అక్కడే కోసి రెండు ముక్కలనూ తూచగలిగితే, తల ఉన్న ముక్కే చాలా ఎక్కువ తూగుతుంది. బరువైన ముక్క దగ్గరగా ఉండి, తేలికైన పిడి దూరంగా సాగి ఉండడం వల్లనే ఆ రెండింటికీ సరిపోయింది.

ఇక ఏ సూత్రం వాడాలన్న ప్రశ్న. అవి రెండూ రెండు సూత్రాలని అనుకోవడం వల్లనే ఈ గందరగోళం వస్తుందని నా అభిప్రాయం. పాఠ్యపుస్తకాల్లో ద్రవ్యరాశి కేంద్రం ఒక అధ్యాయంలో, టార్క్ మరో అధ్యాయంలో రావడం కూడా దీనికి కొంత కారణం. అదే లెక్కను ఆధారం చుట్టూ కాకుండా, స్కేలు సున్నా చివర చుట్టూ టార్క్‌లు తీసుకుని చేయండి. తూకపురాయి వంతు 150 × 10 = 1500, స్కేలు వంతు 100 × 50 = 5000; ఈ రెండూ ఒకే దిశలో తిప్పుతాయి. ఆధారం పైకి నెట్టే బలం 250 గ్రాముల బరువుకు సమానం. అది ఎదురు దిశలో తిప్పుతుంది. 6500ను 250తో భాగిస్తే ఆధారం ఉండవలసిన దూరం 26 సెంటీమీటర్లు. ఇప్పుడు ఈ భాగహారాన్ని మరోసారి చూడండి: ప్రతి ద్రవ్యరాశినీ దాని స్థానంతో గుణించి, అన్నీ కూడి, మొత్తం ద్రవ్యరాశితో భాగించాం. ద్రవ్యరాశి కేంద్రాన్ని కనుక్కునే సూత్రం అక్షరాలా ఇదే.

ఒక వస్తువులోని ప్రతి కణం మీదా గురుత్వం విడివిడిగా పనిచేస్తున్నా, మొత్తం బరువు ద్రవ్యరాశి కేంద్రం దగ్గరే పనిచేస్తున్నట్టు లెక్క వేయడానికి సమర్థన కూడా ఇక్కడే ఉంది. గురుత్వం అంతటా ఒకే పరిమాణంలో, ఒకే దిశలో ఉన్నంతవరకు ఆ ఒక్క బలం ఇచ్చే టార్క్, కణాలన్నీ కలిసి ఇచ్చే టార్క్‌కు సమానంగా ఉంటుంది. ప్రయోగశాలలో, భవనాల్లో మనం చూసే వస్తువులన్నిటికీ ఈ షరతు నిస్సందేహంగా వర్తిస్తుంది. ఆ బిందువు వస్తువు పదార్థంలోనే ఉండాలన్న నియమమేమీ లేదు. ఉంగరానికి అది మధ్యలోని ఖాళీలో ఉంటుంది.

పై రెండు లెక్కల్లో నేను రెండు వేర్వేరు బిందువుల చుట్టూ టార్క్ తీసుకున్నాను, జవాబు మాత్రం మారలేదు. ఇది కాకతాళీయం కాదు. బిందువును కొంత దూరం జరిపితే, మొత్తం టార్క్‌లో వచ్చే మార్పు ఆ దూరాన్ని నికర బలంతో గుణించినంత ఉంటుంది; వస్తువు కదలకుండా ఉన్నప్పుడు నికర బలం సున్నా, కాబట్టి మార్పూ సున్నాయే. అందువల్ల సమతాస్థితిలో ఉన్న వస్తువుకు ఏ బిందువునైనా ఎంచుకునే స్వేచ్ఛ మీకు ఉంది, ఆ స్వేచ్ఛను తెలివిగా వాడుకోవాలి. మీకు తెలియని, మీరు కనుక్కోనవసరం లేని బలం ఏ బిందువు గుండా పోతోందో ఆ బిందువును ఎంచుకుంటే, దాని లంబదూరం సున్నా అయి సమీకరణం నుంచి తప్పుకుంటుంది. వస్తువు త్వరణంతో కదులుతున్నప్పుడు మాత్రం ఈ స్వేచ్ఛ ఉండదు. బ్రేకు వేసిన వాహనంలో నిలువుగా ఉన్న పెట్టె ఒరిగిపోతుందా లేదా అన్న లెక్కలో టార్క్‌లను ద్రవ్యరాశి కేంద్రం చుట్టూ తీసుకోవడమే క్షేమం.

విద్యార్థులు ఎక్కువగా తప్పు చేసేది అభిలంబ బలం, అంటే ఆధారం తన తలానికి లంబంగా వస్తువును నెట్టే బలం విషయంలో. ఒక పలకను వేదిక మీద పెడితే, వేదిక పైకి నెట్టే బలాన్ని పలక మధ్యలోనే గీయడం అలవాటైపోతుంది. ఆ బలం ఎక్కడ పనిచేయాలో మనం నిర్ణయించేది కాదు, టార్క్‌ల మొత్తం సున్నా అయ్యే చోటికి అది తనంతట తానే జరుగుతుంది. 6 మీటర్ల పొడవు, 40 కిలోల ద్రవ్యరాశి ఉన్న ఏకరీతి పలకలో 2 మీటర్లు వేదిక అంచు దాటి బయటికి చొచ్చుకొని ఉందనుకుందాం. పలక మధ్యబిందువు అంచుకు 1 మీటరు లోపల ఉంటుంది. 60 కిలోల మనిషి పలక మీద నెమ్మదిగా బయటి చివర వైపు నడుస్తుంటే, అభిలంబ బలం ఫలితంగా పనిచేసే బిందువు కూడా క్రమంగా అంచువైపు జరుగుతూ వస్తుంది. అది అంచును చేరాక ఇంకా ముందుకు జరగడానికి వేదిక లేదు. ఆ క్షణానికి అంచు చుట్టూ టార్క్ తీసుకుంటే 40 × 1 = 60 × దూరం; అంటే మనిషి అంచు దాటి మీటరులో మూడింట రెండు వంతులు, సుమారు 67 సెంటీమీటర్లు మాత్రమే వెళ్లగలడు. మరో అడుగు వేస్తే మనిషి, పలక కలిసిన వ్యవస్థ ద్రవ్యరాశి కేంద్రం వేదిక అంచు దాటిపోతుంది, పలక తిరుగుతుంది. ద్రవ్యరాశి కేంద్రం నుంచి గీసిన నిలువు రేఖ ఆధార వైశాల్యం లోపల పడాలి అనే ప్రసిద్ధ నియమానికి అర్థం ఇంతే: ఆ రేఖ కిందికి అభిలంబ బలం చేరుకోగలగాలి.

ఒకే ఆకారం గల దిమ్మెలను ఒకదానిమీద ఒకటి అంచు దాటించి పేర్చే ప్రసిద్ధమైన లెక్క కూడా ఇదే నియమాన్ని మళ్లీ మళ్లీ వాడుతుంది. పైనుంచి లెక్కిస్తే మొదటి దిమ్మె తన కిందిదాన్ని దాటి సగం పొడవు, రెండోది పావు వంతు, మూడోది ఆరో వంతు, నాలుగోది ఎనిమిదో వంతు చొచ్చుకు రాగలవు. నాలుగూ కలిపితే దిమ్మె పొడవులో ఇరవై నాలుగింట ఇరవై అయిదు వంతులు, అంటే పై దిమ్మె మొత్తంగా బల్ల అంచుకు బయటే ఉంటుంది. రెండు దిమ్మెల పొడవు మేర దాటించాలంటే ఈ పద్ధతిలో 31 దిమ్మెలు కావాలి.

అభిలంబ బలం ఎలా పంచుకోబడుతుందో కళ్లారా చూడాలంటే ఖాళీ మీటరు స్కేలును రెండు చూపుడువేళ్ల మీద అడ్డంగా పెట్టుకోండి. ఒక వేలు 10 గుర్తు కింద, ఇంకొకటి 80 గుర్తు కింద ఉండనివ్వండి. వేళ్లను నెమ్మదిగా దగ్గరికి తెస్తే, ఎంత ప్రయత్నించినా అవి 50 దగ్గరే కలుస్తాయి, స్కేలు పడదు. మధ్యబిందువు ఒక వేలికి 40, మరో వేలికి 30 సెంటీమీటర్ల దూరంలో ఉంది కాబట్టి, టార్క్ లెక్క ప్రకారం దూరంగా ఉన్న వేలి మీద బరువులో ఏడింట మూడు వంతులు, దగ్గరగా ఉన్న వేలి మీద ఏడింట నాలుగు వంతులు పడతాయి. ఘర్షణ అభిలంబ బలానికి అనులోమానుపాతంలో ఉంటుంది కనుక బరువు తక్కువ పడిన వేలు, అంటే 10 దగ్గరది, ముందు జారుతుంది. జారుతూ మధ్యకు దగ్గరయ్యే కొద్దీ దాని మీద భారం పెరుగుతుంది.

ఇక్కడ గమనించవలసిన సూక్ష్మం ఒకటి ఉంది: రెండు దూరాలూ సమానం కాగానే ఆ వేలు ఆగదు. ఘర్షణకూ అభిలంబ బలానికీ గల నిష్పత్తిని ఘర్షణ గుణకం అంటారు; జారుతున్నప్పటి (జారుడు) గుణకం, ఇంకా కదలకముందటి (స్థైతిక) గుణకం కన్నా తక్కువ కాబట్టి, అది సమాన దూరాన్ని దాటి ఇంకా కొంత లోపలికి వస్తుంది. ఉదాహరణకు ఆ గుణకాలు 0.3, 0.4 అయితే, జారే వేలు రెండో వేలి దూరంలో నాలుగింట మూడు వంతులకు, అంటే 22.5 సెంటీమీటర్లకు చేరేదాకా జారి ఆగుతుంది. అప్పుడు రెండోది కదలడం మొదలుపెట్టి, 22.5లో నాలుగింట మూడు వంతులకు, సుమారు 16.9కి వచ్చి ఆగుతుంది. ఇలా వంతులవారీగా, ఒకటి ఆగితే ఒకటి కదులుతూ, రెండూ మధ్యకు చేరతాయి. ఈ మార్పిడిని చేతి స్పర్శతోనే స్పష్టంగా పసిగట్టవచ్చు. ఏకరీతిగా లేని కర్రకైనా, సుత్తికైనా ఇదే పద్ధతిలో ద్రవ్యరాశి కేంద్రం దొరుకుతుంది.

నిలువు రేఖ ఆధారం లోపల పడితే చాలు, ఇక భయం లేదు అని తేల్చేయడానికి ముందు ఇటలీలోని పీసా గోపురాన్ని తలచుకోండి. దాని ఎత్తు సుమారు 56 మీటర్లు, అడుగు వ్యాసం సుమారు 15 మీటర్లు. 1990లో సందర్శకులకు మూసివేసే నాటికి దాని వాలు సుమారు 5.5 డిగ్రీలు. ద్రవ్యరాశి కేంద్రం సగం ఎత్తులో, 28 మీటర్ల దగ్గర ఉందనుకున్నా, అది పక్కకు జరిగింది 2.7 మీటర్లే, అంచు దాటాలంటే 7 మీటర్లకు పైగా జరగాలి. గట్టి నేల మీది గట్టి వస్తువుగా చూస్తే అది పడే ప్రమాదం చాలా దూరంలో ఉంది. కానీ ఆ 2.7 మీటర్ల జరుగుడు వల్ల అభిలంబ బలం వాలిన వైపుకు, అంటే దక్షిణానికి జరిగి, అక్కడి మెత్తటి నేల మీద ఒత్తిడి పెరిగింది. నేల ఇంకాస్త కుంగితే వాలు ఇంకాస్త పెరుగుతుంది, దానితో ఒత్తిడీ పెరుగుతుంది. అందుకే ఇంజినీర్లు ఉత్తరం వైపు పునాది కింది నుంచి కొద్దికొద్దిగా మట్టి తీసి వాలును సుమారు అర డిగ్రీ తగ్గించారు. 2001 డిసెంబరులో గోపురాన్ని తిరిగి తెరిచారు. మన లెక్కల్లో ఆధారం కుంగదని ముందే ఒప్పేసుకుంటున్నాం, ఆ ఊహ ప్రతిచోటా చెల్లదు.

చివరగా మీ మూడో సందేహం. నిజానికి మూడింటిలో లోతైనది ఇదే. టార్క్‌ల మొత్తం సున్నా కావడం వల్ల వస్తువు ఆ స్థితిలో ఉండగలదని మాత్రమే తెలుస్తుంది. కొంచెం కదిలిస్తే తిరిగి వస్తుందా, ఇంకా పడిపోతుందా అన్నది వేరే ప్రశ్న, దానికి ద్రవ్యరాశి కేంద్రం ఎత్తును చూడాలి. కత్తి అంచు మీద నిలిపిన స్కేలు ద్రవ్యరాశి కేంద్రం ఆ అంచుకు కొన్ని మిల్లీమీటర్లు పైన ఉంటుంది. స్కేలు వెంట్రుకవాసి ఒరిగినా ఆ కేంద్రం ఒరిగిన వైపుకే జరుగుతుంది, బరువు ఇచ్చే టార్క్ దాన్ని మరింత ఒరిగేలా చేస్తుంది. ఇది అస్థిర సమతాస్థితి. స్కేలుకు మధ్యగీత కన్నా పైన రంధ్రం చేసి మేకుకు తగిలిస్తే కేంద్రం ఆధారానికి కింద ఉంటుంది, ఒరిగినప్పుడు టార్క్ దాన్ని వెనక్కి లాగుతుంది. ఇది స్థిర సమతాస్థితి.

మరి వేలి మీద ఎందుకు నిలిచింది? అక్కడ కూడా కేంద్రం ఆధారానికి పైనే కదా? తేడా వేలి గుండ్రదనంలో ఉంది. స్కేలు ఒరిగినప్పుడు అది వేలి మీద దొర్లుతుంది, తాకే బిందువు కూడా ఒరిగిన వైపుకే జరుగుతుంది. ద్రవ్యరాశి కేంద్రం జరిగిన దానికన్నా తాకే బిందువు ఎక్కువ జరిగితే టార్క్ స్కేలును వెనక్కి తెస్తుంది. లెక్క వేస్తే షరతు చాలా సరళంగా వస్తుంది: తాకే బిందువు నుంచి ద్రవ్యరాశి కేంద్రం ఎత్తు, గుండ్రటి ఆధారం వ్యాసార్ధం కన్నా తక్కువగా ఉండాలి. వేలి వ్యాసార్ధం 8 మిల్లీమీటర్లు, స్కేలు మందం 6 మిల్లీమీటర్లు అనుకోండి. దారం స్కేలు పైతలం మీదుగా వేలాడుతోంది కనుక తూకపురాయి భారం 6 మిల్లీమీటర్ల ఎత్తులో, స్కేలు భారం 3 మిల్లీమీటర్ల ఎత్తులో పనిచేస్తున్నట్టు తీసుకోవచ్చు. వాటి సగటు (100 × 3 + 150 × 6) ÷ 250 = 4.8 మిల్లీమీటర్లు. ఇది 8 కన్నా తక్కువ, అందుకే నిలిచింది. కత్తి అంచు వ్యాసార్ధం దాదాపు సున్నా, అందుకే అక్కడ పడింది.

ఇప్పుడు అదే 150 గ్రాములను దారంతో వేలాడదీయకుండా, 30 మిల్లీమీటర్ల ఎత్తున్న దిమ్మెగా స్కేలు మీద కదలకుండా అంటించి చూడండి. దిమ్మె కేంద్రం 6 + 15 = 21 మిల్లీమీటర్ల ఎత్తుకు పోతుంది, మొత్తం వ్యవస్థ కేంద్రం 13.8 మిల్లీమీటర్లకు చేరుతుంది. టార్క్ లెక్క మారలేదు, ఆధారం ఇప్పటికీ 26 దగ్గరే ఉండాలి. అయినా అదే వేలి మీద అది నిలవదు. ఒక పొడవాటి కర్రను అరచేతిలో నిలువుగా నిలబెట్టేవారు కూడా అస్థిర స్థితిలోనే పని చేస్తుంటారు. వారు చేతిని ఎప్పటికప్పుడు కేంద్రం కిందికి జరుపుతూ ఉంటారు. కర్ర నాలుగు రెట్లు పొడవైతే ఒరగడానికి పట్టే సమయం రెండు రెట్లవుతుంది కాబట్టి, పెన్సిల్ కన్నా పొడవాటి కర్రతో ఇది తేలిక.

ప్రయోగం మళ్లీ చేసేటప్పుడు ఒక జాగ్రత్త తీసుకోండి. తూకపురాయి తగిలించే ముందే ఖాళీ స్కేలు ఎక్కడ నిలుస్తుందో చూసి రాసుకోండి. చివర్లు అరిగిన స్కేలుకో, ఒక చివర తగిలించే రంధ్రం ఉన్న స్కేలుకో ద్రవ్యరాశి కేంద్రం సరిగ్గా 50 దగ్గర ఉండదు. అది 50.5 దగ్గర ఉంటే మీ జవాబు 26 బదులు 26.2 వస్తుంది. స్కేలు ద్రవ్యరాశి 100 గ్రాములే అని నమ్మకం లేకపోతే త్రాసు కూడా అక్కర్లేదు: నిలిచిన బిందువు నుంచి తూకపురాయికి, ఖాళీ స్కేలు నిలిచిన గుర్తుకు గల దూరాలను కొలిచి, మొదటి దూరాన్ని 150తో గుణించి రెండో దూరంతో భాగించండి, వచ్చేదే స్కేలు ద్రవ్యరాశి.